నందికనుమ దారిని సైకిలుపై

నంద్యాలలో ఏ మేడపైకెక్కి తూర్పునకు చూచినను దిక్కుకొసను అడ్డముగా ఒక నల్లని గోడ కనబడును. ఉదయమున అది మంచులో తేలుచున్నట్లుండును, మధ్యాహ్నపుటెండలో వెలవెలబోవును, సంధ్యవేళ పడమటి వెలుగు సూటిగా తాకినపుడు దాని లోయలన్నియు ఒక్కొక్కటిగా విచ్చుకొని, అంతవరకు గోడయని మనము భ్రమించినది వరుసలు వరుసలుగా నిలిచిన కొండలనియు, వాని నడుమ దారులు గలవనియు తెలియవచ్చును. అదియే నల్లమల. ఈ సీమలో పుట్టి పెరిగినవారికి ఆ గోడ ఎంత పరిచితమో దాని లోపల అంత అపరిచితము. బస్సులో కనుమ దాటువాడు మలుపులకు తల తిరుగకుండ కన్నులు మూసికొనును. రైలులో పోవువాడు సొరంగపు చీకటిని, ఆ పిమ్మటి వెలుగును చూచి, కొండ గడచితిమని మూటలు సర్దుకొనును. ముప్పదియేండ్లుగా ఆ రెండు విధములను నేను దానిని దాటినవాడనే. గడచిన పుష్యమాసమున సైకిలుపై దాటిన తరువాతనే, అన్నిమారులు దాటియు నేను ఆ దారిని చూడనేలేదని గ్రహించితిని.

తోడు వచ్చినవాడు మా అక్క కొడుకు. ఇరువది రెండేండ్లవాడు, గేర్ల సైకిలు తెచ్చుకొని రెండేండ్లయినది, నాకును ఒకటి కొనిపించినవాడు వాడే. మహానందినుండి బయలుదేరి, గాజులపల్లె మీదుగా నందికనుమ ఎక్కి, తూర్పువైపున గిద్దలూరికి దిగి, అక్కడనుండి దక్షిణముగా పోరుమామిళ్ళ, బద్వేలు, సిద్ధవటము మీదుగా కడప చేరవలెనని మా సంకల్పము. మొత్తము సుమారు 200 కిలోమీటర్లు. మూడు దినముల పని. వట్టి రహదారిని వేగముగా తొక్కువారు దీనిని ఒక్కదినమున ముగింపగలరు. మాకు తొందర లేదు.

మహానందినుండి బయలుదేరుటకు భక్తి యొక్కటే కారణము కాదు. రాయలసీమలో దూరము పోవువాడు మొదట అడుగవలసినది దారిని గూర్చి కాదు, నీటిని గూర్చి. నల్లమల పాదమున ఉన్న ఆ కోనేటిలోనికి ఏడాది పొడుగునను ఊట వచ్చుచుండును. అడుగున పడిన సూది సైతము కనబడునని పెద్దలు చెప్పు ఆ నీరు కొండపై ఎన్నడో కురిసిన వాన. రాతి నెఱ్ఱెలలో దిగి, చీకటిలో ఎంతకాలమో ప్రయాణము చేసి, కొండ అంచున పైకి వచ్చి, చుట్టుపట్ల అరటితోటలను తడిపి, కుందేటిలో పడి, కడపజిల్లాలో పెన్నను చేరును. తెల్లవారకముందే ఆ నీటిలో మునిగి, సీసాలు నింపుకొని, ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని సైకిళ్ళెక్కితిమి. ఈ నీరు ఏ దారిని పెన్నకు పోవునో నాకు తెలియును. మేము వేఱొకదారిని ఆ పెన్నకే పోవుచున్నామన్న సంగతి మాత్రము అప్పుడు నా మనస్సునకు తట్టలేదు.

కొండలకై చేసిన సైకిలన నేమో తెలియని పాఠకులు చాలమంది యుందురు గనుక ఇచట కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. 1970ల నడుమ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీలో, తమాల్‌పాయిస్ కొండకు చేరువ ఊళ్ళలోని కొందఱు యువకులు పాతబడిన బరువు సైకిళ్ళను కొండపైకి మోసికొనిపోయి, కార్చిచ్చు ఆర్పు బండ్లకై అడవిలో వేసిన మట్టిబాటల వెంబడి క్రిందికి దూకించుట నేర్చిరి. 1976 అక్టోబరు 21న అట్టి బాటయొకదానిపై మొదటి పందెము జరిగినది. ఆ సైకిళ్ళకు పెడలు వెనుకకు త్రొక్కినచో పట్టుకొను బ్రేకు ఉండెడిది. దిగుట ముగియునప్పటికి అది కాలి, ఇరుసులోని గ్రీజంతయు పొగయై పోయెడిది. మరల గ్రీజు కూరినగాని రెండవమారు దిగుటకు వీలులేదు. ఆ కూరుటను బట్టియే ఆ బాటకు రీప్యాక్ అని పేరు వచ్చినది. మఱుసటియేడు జో బ్రీజ్ అనువాడు కొండబాటకు తగిన చట్రమును ప్రత్యేకముగా నిర్మించెను. గ్యారీ ఫిషర్, ఛార్లీ కెల్లీ, టామ్ రిచీ మొదలగువారు దానిని వర్తకముగా పెంచిరి. ఇరువదియేండ్లు తిరుగకముందే, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో అది పోటీయై కూర్చున్నది.

దాని రహస్యమంతయు గేర్లలోను, టైర్లలోను ఉన్నది. మన తండ్రులు తొక్కిన నల్లసైకిలునకు పెడళ్ళవద్ద పండ్లచక్రమున 44 పండ్లు, వెనుక ఫ్రీవీలున 18 పండ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒకచుట్టు తిరిగిన సైకిలు ఐదు మీటర్లకు పైగా ముందునకు పోవును. చదునునేలపై అది వరము. కనుమలో శాపము, ఏలయన అంతదూరము తనను, సైకిలును, సామానును ఒక్క త్రొక్కుడులో మీదికి ఎత్తవలయును. కొండసైకిలున ముందు 22, వెనుక 34 పండ్ల గేరు వేసినచో అదే చుట్టునకు ఒకటిన్నర మీటరైనను సాగదు. కాలిపై పడు భారము సుమారు నాల్గవ వంతగును. త్రొక్కుళ్ళు మాత్రము నాలుగింతలగును. కొండ యెత్తు తగ్గలేదు, చేయవలసిన పని తగ్గలేదు. ఒకేమారు చెల్లింపలేని అప్పును కంతులుగా తీర్చుకొనుటకు షావుకారు ఒప్పుకొన్నాడు, అంతే. టైరు రెండంగుళములకు మించిన వెడల్పు గలది, గుబ్బలు గుబ్బలుగా నుండును. గాలి తక్కువగా పట్టించిన కంకరను, మట్టిని కఱచుకొనిపోవును.

గాజులపల్లె దాటిన తరువాత చేలు ఆగిపోవును. అంతవరకు ఇరువైపుల నల్లరేగడిలో శనగపైరు, జొన్న. ఆ పిమ్మట ఒక గీత గీచినట్లు అడవి. ఈ కనుమకు నందికనుమయని పాతపేరు. నల్లమలను అడ్డముగా దాటుటకు పూర్వకాలమున ముఖ్యముగా రెండు కనుమలు వాడుకలో ఉండెడివి: ఉత్తరమున ఆత్మకూరునుండి దోర్నాలకు పోవు మంత్రాలమ్మ కనుమ, దక్షిణమున ఈ నందికనుమ. ఉత్తరపు దారి పెద్దపులుల అభయారణ్యము నడుమ పోవునది గనుక రాత్రివేళ వాహనములను పోనీయరు. గిద్దలూరు తాలూకా 1970లో ప్రకాశంజిల్లా ఏర్పడువఱకు కర్నూలు జిల్లాలోనిదే. అనగా ఒక జిల్లాలోని రెండు భాగములను కలుపుటకు ఈ కొండసందుకంటె దగ్గఱదారి లేకుండెను. ఉప్పు, ధాన్యము మోసికొనిపోవు లంబాడీల ఎద్దులమందలు, యాత్రికులు, తపాలావాండ్రు, సైన్యములు, అందఱును ఇట్టి సందులనే వెదకికొనిరి.

ఈ సందులను మొట్టమొదట వెదకినది ఎవరని అడిగినచో, నీరని చెప్పవలెను. ఇది పుస్తకములో చదివి తెలిసికొన్నమాట కాదు, మోకాళ్ళతో తెలిసికొన్నమాట. ఎక్కుడు మొదలైన కొంతసేపటికే నాకు ఒక సంగతి బోధపడినది. రోడ్డు ఎచట సుళువుగా నున్నదో అచట ప్రక్కనే ఒక వంక వినబడుచున్నది, లేదా ఎండిన వంకలోని గుండ్రాళ్ళు కనబడుచున్నవి. రోడ్డు వంకను విడిచి మలుపు తిరిగి మిట్టకెక్కిన చోటనెల్ల ఊపిరి అందక గేరు దింపవలసి వచ్చుచున్నది. లక్షల యేండ్లు కురిసిన వాన ఎచట రాయి మెత్తనో అచట కోసి, దిగుటకు తగిన వాలు సిద్ధపఱచినది. ఎద్దు ఆ వాలునే పట్టినది. ఎద్దువెనుక బండి, బండివెనుక కంకరరోడ్డు, దానివెనుక తారు. ఇంజను గలవానికి ఈ వాలులు తెలియవు. నడచువానికి తెలియును గాని, వాని కాలికి సుళువునకు, కష్టమునకు నడుమ అంతరము కొంచెమే. సైకిలువాడు నూటికి రెండుపాళ్ళ వాలును, మూడుపాళ్ళ వాలును త్రాసులో తూచినట్లు తూచగలడు. "మామా, ఇదేం దావ! అడుగడుక్కీ వంకనే గదా" అని మావాడు వెనుకనుండి అఱచెను. వాడును అదే గమనించుచున్నాడని సంతోషించితిని.

పచ్చర్ల దగ్గర ఒక గుడిసె ముందర టీ కాచుచున్న ముసలమ్మ మమ్ము నిలిపినది.

"యాడికి నాయనా, ఈ బండ్లేసుకోని?"

"గిద్దలూరికవ్వా."

"తొక్కేనా? బస్సుల్లేవా ఏంది?"

"చూసుకుంటూ పోదామనవ్వా."

ఆమె మమ్ము చాలసేపు చూచి, టీ ఇచ్చి, డబ్బు తీసికొని, పిమ్మట ఊరకుండక మాకు కొన్ని బుద్ధులు చెప్పినది. వానిని ఇచట వ్రాయుట నా విధి. "మలుపుకాడ గంట కొట్టుకుంటా పోండి. ఎలుగొడ్డు పైన పడేది పగతోగాదు, బెదురుతో. రోడ్డు పక్కన వంగి కూసోవద్దండి. పని ఉంటే ఒకడు కూసుంటే ఒకడు నిలబడాల. చిరుతకు వంగినోడు మనిషిలాగ కనపడడు." 2024లో ఆ ఊరివద్దనే కట్టెలకు పోయిన ఒక స్త్రీ చిరుతకు బలియైనది, ఆ దుఃఖము ఆమె గొంతులో నుండెను. ఆమె చెప్పినది శాస్త్రమునకు సరిపోవునదే: వంగిన మనుష్యుడు చిన్నజంతువువలె కనబడును, నిటారుగా నిలిచి, మొగము త్రిప్పక, పరుగెత్తక వెనుకకు జరుగవలయును. గంట విషయము మాత్రము నాకు క్రొత్త. పట్టణములో జనమును తప్పించుటకు మ్రోగించు గంటను, జనము లేనిచోట మ్రోగించుట కొంత వింతగా నుండెను. అయినను ప్రతి మలుపునను మ్రోగించితిమి.

ఇక్కడ ఇంకొకమాట. రోడ్డు ప్రజలది; రోడ్డు అంచునుండి లోపలిది రక్షితారణ్యము. అనుమతి లేనిదే సైకిలుతోనైనను, కాలినడకనైనను లోపలికి పోవుట నేరము. కొండసైకిలున్నది గదాయని కనబడిన ప్రతి బాటలోను దూరువారిని నేను క్షమింపలేను. అడవి చూడవలెనన్న పచ్చర్లలోను, బైర్లూటిలోను అటవీశాఖ విడుదులు నడుపుచున్నది. అక్కడివారు చెంచులతో కలిసి దారి చూపుదురు. చెంచులు ఈ కొండలలో సైకిలునకును, బండికిని, బహుశః ఎద్దునకును ముందునుండి నడచుచున్నవారు; తేనెకై వారు దిగు కొండకొమ్ముల పేర్లు ఏ పటములోను లేవు.

పచ్చర్ల దాటిన తరువాత అసలైన ఎక్కుడు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, నడుమ నడుమ వెదురుపొదలు. ఆకు రాలుకాలము గనుక అడవి పలుచబడి, చెట్లనడుమ దూరము కనబడుచుండెను. లారీయో బస్సో వచ్చినపుడు ప్రక్కకు దిగి నిలిచెడివారము. అది పోయిన తరువాత చెవిలోని హోరు అణగుటకు కొంతసేపు పట్టెడిది. ఆపైన ఒక్కొక్క శబ్దమును తిరిగి వచ్చి తన చోట కూర్చుండెడిది. మొదట చైను కిఱకిఱ, తరువాత టైరు క్రింద ఎండుటాకు, తరువాత ఎక్కడనో కొండముచ్చు హెచ్చరిక, చిట్టచివర వంకలో నీటి చప్పుడు. గంటకు ఆఱేడు కిలోమీటర్ల వేగమున పోవువానికి ఈ సభ యంతయు కొలువుదీఱి కనబడును. ఆ వేగముననే నాకు ఒక సాలీడు జ్ఞప్తికి వచ్చినది.

దాని కథ ఈ దారిదే. 1899లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు గుత్తిలో రైలువారి కలపదొడ్డిలో దొరికిన ఒకే యొక ఆడుసాలీటిని చూచి, క్రొత్తజాతిగా వర్ణించి నామకరణము చేసెను. అరచేతియంత వెడల్పుగా కాళ్ళు చాచు నీలపు సాలీడు. నెమలిమెడను చూచినట్లుండు ఆ నీలము రంగు పూతవలన కలిగినది కాదు, వెండ్రుకల సూక్ష్మనిర్మాణముపై వెలుతురు విఱుగుటవలన కలిగినది. ఆ తరువాత అది ఎవరికిని కనబడలేదు. గుత్తి చుట్టును వెదకిరి. గుత్తిలో అది యెట్లుండును? కలపతోగూడ రైలెక్కి వచ్చినది గదా. నూట రెండేండ్లు గడచిన పిమ్మట, 2001లో, నంద్యాల గిద్దలూరుల నడుమ ఈ అడవిలోనే, పాతచెట్ల తొఱ్ఱలలో దానిని తిరిగి కనుగొనిరి. ఇంకెక్కడనైన నున్నట్లు అప్పటికి తెలియలేదు. అప్పుడు తెలిసిన దాని నివాసము నూఱు చదరపు కిలోమీటర్లకు మించలేదు. వేల బస్సులు, లక్షల జనులు దాని తొఱ్ఱల ప్రక్కగా పోయిరి. మేమును పోతిమి; కనబడలేదు; పగలు అది వెలుపలికి రాదు. ఐనను ప్రతి ముసలిచెట్టును చూచునపుడు, ఇందులో నుండునా అను తలంపు మమ్ము విడువలేదు.

దానిని గుత్తికి చేర్చిన ఆ రైలుమార్గము సైతము ఈ కనుమలోనే పోవుచున్నది. 1880లలో మీటరుగేజి పట్టాలు వేయునపుడు ఇంజనీర్లు బొగద దగ్గర కొండను తొలిచి, దొరబావి లోయపై ఇనుప దూలముల వంతెన నిలిపిరి. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చినపుడు క్రొత్తమార్గము వేసి పాతవంతెనను విడిచిరి. దాని రాతిస్తంభములు నేటికిని అడవిలో, మోయవలసినది ఏదియు లేక, నిలిచియున్నవి. రైలు ఎక్కుడును ఓర్వలేదు. నూటికి ఒకపాలు రెండుపాళ్ళు వాలు వచ్చినను ఇంజను ఆయాసపడును. అందుచే వంక పోయినట్లెల్ల పోవుటకు వీలులేక, లోయను వంతెనతోను, శిఖరమును సొరంగముతోను జయింపవలసి వచ్చెను. సైకిలు వంకకును రైలుకును నడిమిది.

సర్వ నరసింహస్వామి గుడివద్ద డ్రైవర్లు బండ్లాపి కొబ్బరికాయ కొట్టుచుండిరి. మేమును దిగి నమస్కరించి, సెనక్కాయలు బెల్లము తిని, సైకిళ్ళను తలక్రిందులు చేసి బ్రేకులు చూచుకొంటిమి. ఎక్కుటకు బలము చాలును. దిగుటకు బుద్ధి కావలయును. బ్రేకును అదే పనిగా పట్టియుంచినచో వేడెక్కి పట్టు తప్పును. మలుపునకు ముందే గట్టిగా పట్టి వేగము తగ్గించి, మలుపులో విడిచి, తిరిగి పట్టవలయును. ముందుబ్రేకును ఒక్కదానినే గుంజిన సైకిలు మనలను మీదుగా విసరివేయును. మావాడు ఈ విద్యలో నాకు గురువు. "చేతులు బిగపట్టొద్దు మామా, మోచేతులు వదులు చెయ్, చూపు మలుపు అవతల పెట్టు" అని చెప్పుచు ముందు దిగెను.

నీళ్ళు విడిపోవు తావు ఇదియే. శిఖరమునకు పడమట పడిన చినుకు కుందేటికి, తూర్పున పడిన చినుకు సగిలేటికి. తూర్పువాలున రోడ్డుకై కోసిన దరులలో రాయి మాఱినది. పడమట గట్టి బండలుండగా ఇచట పలకలు పలకలుగా, పుస్తకపు పుటలవలె పేర్చిన నల్లనిరాయి. ఈ రాయియే ఉత్తరమున మార్కాపురమువద్ద గనులలో త్రవ్వి, చెక్కచట్రము బిగించి, తెలుగుబిడ్డలందఱకును పలకలుగా పంపిన రాయి. నేను దిగి ఒక చెక్కను చేతబట్టి, గులకరాతితో దానిపై ఓం నమః అని వ్రాసి, తుడిచి, అచటనే పెట్టితిని. మా బడిపలక ఎక్కడనుండి వచ్చినదో నాకు ఏబదియేండ్లకు తెలిసినది.

దిగువమెట్ట దాటి, సాయంకాలమునకు గిద్దలూరు చేరి, సగిలేటి ఇసుకలో కాళ్ళు చాచితిమి. ఏటిలో నీరు మడమ మునుగునంతయే. అంతయును అరువది కిలోమీటర్లు, పట్టినది పదిగంటలు.

రెండవదినము దక్షిణముగా, సగిలేటి లోయ వెంబడి. దీనిని గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు: అడవి పడమట దూరమున తోడుగా వచ్చుచుండును, రోడ్డు మిట్టలు పల్లములుగా సాగును, ఎండ మొగముపై నుండును. మా ముఖ్యశత్రువు పల్లేరుకాయ. బాటపై దుమ్ములో దుమ్మువలె పడియుండు ఆ చిన్నకాయకు అన్నివైపుల ముండ్లు. ఎట్లు పడినను ఒక ముల్లు ఆకాశమును చూచుచుండును. ఒక మామిడితోట ప్రక్క మట్టిదారిన అడ్డముగా పోవుదమని నేను చెప్పిన పాపమునకు, ఫర్లాంగు పోకముందే నాలుగుచక్రములలో మూడు కూలబడినవి. ఒక్కటియే మిగులు ట్యూబు. నెట్టుకొని ఊరు చేరితిమి.

అచటి పంక్చరు షాపు తాత చేతిపనిని నేను మఱవను. టైరు విప్పి, ట్యూబునకు గాలి కొట్టి, నీళ్ళబొచ్చెలో జేనెడు జేనెడుగా ముంచి త్రిప్పి, బుడగ లేచినచోట అగ్గిపుల్లతో గ్రుచ్చి గుర్తుపెట్టెను. తడి తుడిచి, ఉప్పుకాగితముతో రుద్ది, సొల్యూషన్ పూసి, మేము తొందరపడుచుండగా, "ఆరనీ అబ్బయ్యా. పచ్చిమీద వేస్తే పచ్చిగానే ఊడుతాది" అని బీడీ వెలిగించుకొనెను. బీడీ సగమైన తరువాత ప్యాచి అంటించి సుత్తెతో మెత్తగా కొట్టెను. అంతటితో విడువలేదు. దూదిపింజ తీసికొని టైరు లోపలిభాగమంతయు నిమిరెను. దూది చిక్కుకొన్నచోటనెల్ల ఒక ముల్లు. ఒక్కటైరునుండి పదునొకండు ముండ్లు లాగి, ఒక కాగితముపై వరుసగా పెట్టి, మావానికి చూపి, "ఈటిని పెరక్కుండా ట్యూబేసుంటే మళ్ళీ నా కాడికే వస్తావుంటివి" అని చెప్పెను. మావాడు ఆ ముండ్లను పొట్లము కట్టి జేబులో వేసికొనెను.

ఆ ఆలస్యమే మాకు పోరుమామిళ్ళ చెఱువుకట్టపై సాయంకాలమును ప్రసాదించినది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని వేఱొకపేరు గలవాడు, ఉదయగిరి నుండి ఏలుచు ఈ చెఱువును కట్టించి, 1369లో శాసనము నిలిపెను. నిత్యము వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పని చేసినట్లు ఆ శాసనమే చెప్పుచున్నది. అంతకంటె గొప్పవిషయము, చెఱువన నెట్లుండవలెనో అది పాఠముగా చెప్పుచున్నది: పండ్రెండు అంగములు, ఆఱు దోషములు. తియ్యనినీరు గల ఏఱు, గట్టినేల, రెండుకొండలను తాకు రాతికట్ట, జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు, పని తెలిసిన మనుష్యులు మొదలైనవి అంగములు. కట్టనుండి నీరు కాఱుట, చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేరలో కట్టుట, చెఱువు నడుమ మిట్ట యుండుట మొదలైనవి దోషములు. ఆఱువందల యేబది యేండ్లు గడచినను ఈ దోషములలో ఒక్కటియు పాతబడలేదు. మేము ఆ కట్టపై సైకిళ్ళు నడిపించుకొని పోవుచుండగా అలుగుప్రక్క బఱ్ఱెలు దిగుచుండెను. ఇట్టి కరవునేలలో నల్లమల జాఱవిడిచిన నీటిని ఒడిసిపట్టుటకు ఒక రాజు ఒక గ్రంథమంత శ్రద్ధతో పూనుకొన్నాడనునది ఆ గాలిలో కూర్చుండి తలంచుకొనదగిన సంగతి.

చీకటిపడ్డ తరువాత బద్వేలు చేరితిమి.

మూడవదినమున మరల అడవి. బద్వేలునుండి సిద్ధవటమునకు పోవుదారి లంకమల కొండల ప్రక్కగా పోవును. ఇది నల్లమలవంటి ఎత్తైన అడవి కాదు. ఎఱ్ఱని గరుసునేల, నడుమెత్తు ముండ్లపొదలు, వానిమధ్య ఖాళీలు. చూచువానికి గొఱ్ఱెలకు తప్ప దేనికిని పనికిరాని నేలవలె నుండును. ఈ ఖాళీలే కలివికోడి యను పక్షికి నివాసము. 1848లో జెర్డన్ అను వైద్యుడు దీనిని లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము ప్రాంతమున చివరిమారు కనబడినది. ఆపైన అంతరించినదని నిశ్చయించిరి. 1986 జనవరిలో, ఈ దారికి చేరువ రెడ్డిపల్లె దగ్గర, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ పనిచేయుచుండగా, రాత్రులు లాంతరుతో వేటాడు స్థానికుల సాయమున ఆ పక్షి తిరిగి దొరికినది. ఎనుబదియాఱేండ్లు అది లేకుండెనా? ఉన్నది, పొదల నడుమ రాత్రివేళ నడచుచు, చెదలను తినుచు ఉన్నది. ఊరివారికి దాని పేరు తెలియును; శాస్త్రజ్ఞులకే అది కనబడలేదు. దానికై 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును ప్రకటించిరి. పిమ్మట తెలుగుగంగ కాలువ దాని నివాసమును కోయబోగా కాలువదారిని మార్చిరి.

మేము మొదట దాటిన కనుమలో నూట రెండేండ్లకు దొరికిన సాలీడు; ముగించుచున్న దారిలో ఎనుబదియాఱేండ్లకు దొరికిన పక్షి. ఈ రెంటిని ఒకే ప్రయాణమున దాటితిమని మావాడు లెక్కకట్టి చెప్పినప్పుడు నేను సైకిలు దిగి కొంతసేపు ఆ పొదలవైపు చూచితిని. ఈ నేలను బీడని వ్రాసినవారు దీనిని ఎంత వేగముగా దాటిరో గదా! ఇచట గొఱ్ఱెలమంద నడిచినచోట పొదలు పలుచబడి పక్షి మేతకు తావు ఏర్పడును. పొదలు మితిమీఱి మూసికొన్నను, పూర్తిగా నఱికివేసినను అది నిలువదు. ఎంత సన్నని తూకమో! పశువులకాపరి ఒకడు మా సైకిళ్ళను చూచి, గేర్లు నొక్కి చూచి, "ఇది ఎక్కుడు ఎక్కుతాదా సార్?" అని అడిగెను. ఎక్కించి చూపితిమి. చిన్నగేరులో వాని కాళ్ళు గిఱ్ఱున తిరుగుచుండగా సైకిలు నత్తవలె మిట్టకెక్కుట చూచి పక్కున నవ్వెను.

అపరాహ్ణమునకు సిద్ధవటము. 1808 నుండి నాలుగేండ్లు కడపజిల్లాకు ముఖ్యపట్టణమైన ఈ యూరు నేడు పల్లెవలె నున్నది. కోటగోడ పెన్నలోనికి దిగి నిలిచియున్నది. సైకిళ్ళను గోడ కానించి ఏటిలోనికి దిగితిమి. ఇసుక వెడల్పుగా, నీరు సన్నగా, ఆవలి ఒడ్డునంటి పాఱుచుండెను.

"మామా, మహానంది నీళ్ళు ఇందులోకేనా వచ్చేది?"

"ఆఁ, కుందేటిలో పడి, కమలాపురం పక్క నుంచి."

"మరి మొన్న కాళ్ళు కడుక్కున్న సగిలేరు?"

"అదింకా దిగువన కలుస్తుంది."

వాడు కొంచెముసేపు ఆలోచించి, ఒకవేలు నీటిలోపెట్టి పడమరగా చూపి, రెండవచేతితో ఉత్తరముగా చూపి, మేము వచ్చినదారిని గాలిలో గీచెను. పిమ్మట జేబులోనుండి పొట్లము తీసి, పల్లేరుముండ్లను ఒక్కొక్కటిగా లెక్కించి, కోటగోడ రాతిసందులో దాచి, పైన గులకరాయి పెట్టెను. ఇసుకలో మోచేతిలోతు చెలమ త్రవ్వి నీరు తేఱువఱకు కూర్చుంటిమి. తేఱినది. మహానందిలో నింపిన సీసాలో అడుగున గుక్కెడు మిగిలియుండెను. దానిని పాఱబోయక, దానిపైననే ఈ నీరు నింపుకొని, కడప చేరుటకు ఇంకను ఇరువది కిలోమీటర్లున్నవి గనుక ప్రొద్దుండగనే సైకిళ్ళెక్కితిమి.